వీఎం రన్నింగ్‌లోనే ఉంది, మరి దాని ప్రాసెసర్?

"వీఎం రన్నింగ్‌లోనే ఉంది కదా, ఇంకేంటి సమస్య?" ఆ రాత్రి కాల్‌లో ఈ మాట నేనే నాలుగైదు సార్లు అనుంటాను. డేటాబేస్ ఉన్న వర్చువల్ మెషిన్ (వీఎం, అంటే అసలైన సర్వర్ మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే మెషిన్) ఒకటి సాయంత్రం నుంచి నత్తనడక నడుస్తోంది. మామూలుగా సెకను లోపు అయిపోయే క్వెరీలు ఆరేడు సెకన్లు తీసుకుంటున్నాయి. గెస్ట్‌లోకి, అంటే వీఎం లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి, లాగిన్ అయి టాప్ కమాండ్ కొడితే సీపీయూ వాడకం 35 శాతం. మెమరీ ఖాళీగానే ఉంది, డిస్క్ కూడా బాగానే ఉంది. మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో వీఎం పేరు పక్కన పచ్చ గుర్తు వెలుగుతోంది. అప్లికేషన్ టీమ్ వాళ్లేమో "ఇంకొన్ని సీపీయూలు ఇచ్చి చూడండి" అని పట్టుబట్టారు. పదకొండు దాటింది, ఎవరికీ వాదించే ఓపిక లేదు. నాకు అసలే లేదు. 8 వీసీపీయూలు (వీఎంకి కనిపించే వర్చువల్ ప్రాసెసర్లు) ఉన్న మెషిన్‌ని 16 చేశాను.

ఇంకా నెమ్మదించింది.

అప్పటికి నేను ఈ పనిలో ఐదేళ్లుగా ఉన్నాను. వీఎంలు కట్టడం, పడగొట్టడం, ఒక హోస్ట్ (వీఎంలు నడిచే అసలైన సర్వర్) మీంచి ఇంకో హోస్ట్ మీదకి తరలించడం అన్నీ చేతికి అలవాటైన పనులే. అయినా ఒక వీసీపీయూ ఒక క్షణంలో ఏ స్థితిలో ఉంటుంది, ఆ స్థితిని ఎక్కడ చూడాలి అని ఎవరైనా అడిగితే "రన్నింగ్ లేదా స్టాప్డ్" అని చెప్పేవాణ్ణి. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారని తర్వాత అర్థమైంది, అందుకే రాస్తున్నాను.

ముందు "రన్నింగ్" అన్న మాట సంగతి తేల్చుకుందాం, గందరగోళమంతా దానితోనే. కన్సోల్‌లో వీఎం పక్కన కనిపించే రన్నింగ్ అంటే ఆ మెషిన్‌కి కరెంటు పెట్టారు, ఎవరూ పాజ్ చేయలేదు, అంతే. అది వీఎం స్థితి. లోపలి వీసీపీయూలు ఒక్కొక్కటీ వేరే లెక్క. వీఎం రన్నింగ్‌లో ఉన్నా దాని 8 వీసీపీయూల్లో ఈ క్షణాన హోస్ట్‌లోని అసలైన ప్రాసెసర్ కోర్ మీద కూర్చున్నవి రెండే కావచ్చు, ఒక్కటీ లేకపోవచ్చు కూడా. ఇక గెస్ట్ లోపల ఒక ప్రాసెస్ పక్కన కనిపించే రన్నింగ్ మూడోది. గెస్ట్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన ప్రాసెస్‌ని ఒక సీపీయూ మీద పెట్టాను అనుకుంటుంది, ఆ సీపీయూకే కోర్ దొరకలేదని దానికి తెలియదు. ఒకే మాట, మూడు అంతస్తులు, మూడు అర్థాలు. ఆ రాత్రి నేను పై అంతస్తులో పచ్చ దీపం చూసి కింది అంతస్తులో అందరూ క్షేమం అనుకున్నాను.

వీసీపీయూ అంటే అసలేంటో లినక్స్‌లోని హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) కేవీఎంలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కేవీఎం 2007లో 2.6.20 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. ఏ పనికి ఎప్పుడు కోర్ ఇవ్వాలో తేల్చే షెడ్యూలర్‌ని అది కొత్తగా రాసుకోలేదు, లినక్స్‌కి ఉన్నదాన్నే వాడుకుంది. క్యూఈఎంయూ అనే ప్రాసెస్ ఒకటి వీఎం తరఫున నడుస్తుంది, అందులో ప్రతి వీసీపీయూకీ ఒక థ్రెడ్ ఉంటుంది. హోస్ట్‌లో థ్రెడ్ల జాబితా తీస్తే "సీపీయూ 0 / కేవీఎం", "సీపీయూ 1 / కేవీఎం" అని పేర్లతో సహా కనిపిస్తాయి. అంటే గెస్ట్ తన సొంత ప్రాసెసర్ అని మురిసిపోయేది హోస్ట్ దృష్టిలో ఒక మామూలు థ్రెడ్. బ్యాకప్ స్క్రిప్ట్‌తోనూ లాగ్ ఏజెంట్‌తోనూ పాటు అదీ వరుసలో నిలబడాల్సిందే. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

స్థితుల విషయంలో నాకు అన్నిటికంటే శుభ్రంగా అనిపించింది జెన్ అనే ఇంకో హైపర్‌వైజర్ పద్ధతి. ఒక వీసీపీయూకి నాలుగే స్థితులు: రన్నింగ్, రన్నబుల్, బ్లాక్డ్, ఆఫ్‌లైన్. కోర్ మీద నిజంగా నడుస్తుంటే రన్నింగ్. చేయాల్సిన పని ఉండి, కోర్ ఖాళీ లేక ఎదురుచూస్తుంటే రన్నబుల్. చేయడానికి పనేమీ లేకో, ఏదో ఇంటరప్ట్ (పనొచ్చిందని తట్టే సిగ్నల్) కోసమో ఆగి ఉంటే బ్లాక్డ్. అసలు వాడకంలోనే లేకపోతే, లేదా పాజ్ చేసి ఉంటే ఆఫ్‌లైన్. ఏ స్థితిలో ఎంత సమయం గడిచిందో నానోసెకన్లలో లెక్క రాసి గెస్ట్‌కి కూడా చూపిస్తుంది. మిగతా హైపర్‌వైజర్లు పేర్లు మార్చాయి, కొన్ని స్థితులను ముక్కలు చేశాయి, కానీ ఎముకలగూడు ఇదే.

జెన్‌లో ఒక తమాషా ఉంది. వీసీపీయూల జాబితా తీస్తే స్థితి మూడు అక్షరాల గళ్లలో వస్తుంది. నడుస్తుంటే ఆర్, బ్లాక్ అయితే బీ, ఆఫ్‌లైన్ అయితే పీ. రన్నబుల్‌కి మాత్రం అక్షరమే లేదు! మూడు గళ్లలోనూ ఉత్త గీతలు కనిపిస్తే అది రన్నబుల్ అని అర్థం. మనల్ని అసలు టెన్షన్ పెట్టాల్సిన స్థితికి గుర్తే పెట్టకుండా వదిలేశారు. దానికి తోడు కొత్తగా చేరినవాళ్లు ఆ జాబితాలో బీలు చూసి "ఇన్ని వీసీపీయూలు బ్లాక్ అయిపోయాయి" అని కంగారుపడి మెసేజ్ పెడతారు. బ్లాక్డ్ అంటే నిద్రలో ఉంది, పనొస్తే లేస్తుంది, అంతే. ఖాళీగా ఉన్న వీఎంలో అన్నీ బీలే ఉండాలి. అలా లేకపోతేనే ఆలోచించాలి.

ఆ నిద్ర ఎలా మొదలవుతుందో కూడా చెప్తాను, కొలతలు చదివేటప్పుడు ఇది పనికొస్తుంది. గెస్ట్ కెర్నల్‌కి నడపడానికి ప్రాసెస్ ఏదీ లేకపోతే ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) ప్రాసెసర్ల మీద హెచ్‌ఎల్‌టీ అనే ఇన్‌స్ట్రక్షన్ వేస్తుంది, అంటే "ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగు" అని. నిజమైన మెషిన్‌లో అయితే కోర్ ఆగిపోతుంది. వీఎంలో అలా ఆగనివ్వరు. ఆ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర కంట్రోల్ హైపర్‌వైజర్ చేతికి వస్తుంది, అది "ఓహో, దీనికి పనిలేదన్నమాట" అని ఆ థ్రెడ్‌ని పడుకోబెట్టి కోర్‌ని ఇంకొకరికి ఇస్తుంది. కేవీఎం దీన్ని హాల్టెడ్ అంటుంది. అయితే వెంటనే పడుకోబెట్టదు. ఇలా పడుకోబెట్టగానే అలా ఇంటరప్ట్ వస్తే మళ్లీ లేపడానికి సమయం దండగ కదా, అందుకని కాసేపు తిరుగుతూ చూస్తుంది. ఎక్స్86 మీద ఈ చూపు గరిష్ఠంగా 2,00,000 నానోసెకన్లు, అంటే 200 మైక్రోసెకన్లు, డిఫాల్ట్‌గా. హాల్ట్ పోలింగ్ అంటారు దీన్ని. గెస్ట్‌లో చూస్తే సీపీయూ 10 శాతమే, హోస్ట్‌లో అదే థ్రెడ్ 25 శాతం తింటోంది, ఈ తేడా ఎక్కడిది అని నేను ఒక రోజంతా తల గోక్కున్నది దీని వల్లే. చిన్న చిన్న నెట్‌వర్క్ ప్యాకెట్లతో క్షణానికోసారి లేచే వీఎం అది, ప్రతి నిద్రకి ముందూ ఈ పోలింగ్ ఖర్చు పడుతోంది.

ఇప్పుడు రన్నబుల్ సంగతి. వీఎంవేర్ ప్రపంచంలో దీన్నే రెడీ అంటారు, ఇకపై నేనూ అదే అంటాను. నా ఆ రాత్రి గొడవంతా ఇక్కడే ఉంది.

రెడీ అంటే వీసీపీయూ "నాకు పనుంది, నడపండి" అంటోంది, హైపర్‌వైజర్ "కోర్ ఖాళీ లేదు, ఆగు" అంటోంది. ఇందులో దుర్మార్గం ఏమిటంటే గెస్ట్‌కి ఆ ఆగిన సంగతే తెలియదు. నిద్రపోయినవాడికి తాను ఎంతసేపు పడుకున్నాడో లేచి గడియారం చూస్తేగానీ తెలియనట్టు, గెస్ట్ కూడా తన పని మధ్యలో 40 మిల్లీసెకన్లు మాయమైతే ఆ 40నీ అప్పుడు నడుస్తున్న ప్రాసెస్ ఖాతాలో రాసేస్తుంది. కాబట్టి గెస్ట్ చూపించే సీపీయూ శాతం ఒక్కోసారి నిజం కంటే ఎక్కువగా ఉంటుంది కూడా. హైపర్‌వైజర్ పూనుకుని చెబితేనే అసలు లెక్క వస్తుంది. ఆ లెక్క పేరే స్టీల్ టైమ్, టాప్‌లో సీపీయూ వరుస చివర ఎస్‌టీ అని కనిపించేది. కేవీఎం తన వీసీపీయూ థ్రెడ్ హోస్ట్ క్యూలో ఎంతసేపు ఆగిందో గెస్ట్‌తో పంచుకున్న మెమరీలో రాసి పెడుతుంది, గెస్ట్ దాన్ని చదువుకుని చూపిస్తుంది. జెన్ గెస్ట్‌లో అయితే లినక్స్ రన్నబుల్ సమయాన్నీ ఆఫ్‌లైన్ సమయాన్నీ కలిపి స్టీల్ అంటుంది.

ఇక్కడే నేను బోర్లా పడ్డాను. ఆ డేటాబేస్ వీఎం ఉన్నది ఈఎస్‌ఎక్స్‌ఐ అనే వీఎంవేర్ హైపర్‌వైజర్ మీద. టాప్‌లో ఎస్‌టీ చూశాను, 0.0 ఉంది. "స్టీల్ సున్నా, హోస్ట్ మీద ఒత్తిడేమీ లేదు" అని కాల్‌లో ధీమాగా చెప్పాను. ఈఎస్‌ఎక్స్‌ఐ డిఫాల్ట్‌గా గెస్ట్‌కి ఆ లెక్క చెప్పదని అప్పుడు నాకు తెలియదు. ప్రత్యేకంగా ఆన్ చేయాలి, గెస్ట్ కెర్నల్ కూడా కొంచెం కొత్తదై ఉండాలి. ఎవరూ చెప్పని చోట సున్నా అంటే "లేదు" అని కాదు, "అడగలేదు" అని.

మరి ఎక్కడ చూడాలి? హోస్ట్ వైపు నుంచే. ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్ట్‌లో నడిచే ఈఎస్‌ఎక్స్‌టాప్ కమాండ్‌లో ప్రతి వీసీపీయూకీ నాలుగు ముఖ్యమైన శాతాలుంటాయి: రన్, రెడీ, కోస్టాప్, వెయిట్. నాలుగూ కలిస్తే 100. వెయిట్ పెద్దగా ఉందని భయపడకండి, అందులో ఐడిల్ కూడా కలిసే ఉంటుంది. ఖాళీ వీసీపీయూకి వెయిట్ 98 ఉండొచ్చు. ఐడిల్ తీసేయగా మిగిలే వీఎంవెయిట్ అనే కాలమ్ పెరిగితే అప్పుడు డిస్క్ వైపో, స్వాప్ వైపో చూడాలి.

వీఎంవేర్ మేనేజ్‌మెంట్ కన్సోల్ అయిన వీసెంటర్ గ్రాఫుల్లో అయితే రెడీ శాతంలో కాకుండా మిల్లీసెకన్లలో వస్తుంది, ఇది ఇంకో తికమక. రియల్ టైమ్ గ్రాఫ్‌లో ఒక్కో చుక్క 20 సెకన్ల మొత్తం, అంటే 20,000 మిల్లీసెకన్లు. ఒక వీసీపీయూకి రెడీ 1,000 అని ఉంటే 5 శాతం. అదే వీఎం మొత్తానికి చూపించే అంకె అయితే అన్ని వీసీపీయూల కూడిక, కాబట్టి వీసీపీయూల సంఖ్యతో భాగించాలి. మా వీఎంకి ఆ సాయంత్రం 14,400 ఉంది. మా టీమ్‌లో ఒకరు దాన్ని నేరుగా 20,000తో భాగించి "రెడీ 72 శాతం!" అని గ్రూప్‌లో పెట్టేసరికి అర్ధరాత్రి ఇంకో ఇద్దరు నిద్ర లేచి కాల్‌లోకి వచ్చారు. 8తో భాగిస్తే 9 శాతం. అదీ తక్కువేం కాదు, 5 శాతం దాటితే నేను పట్టించుకోవడం మొదలుపెడతాను, 10 దాటితే వాడేవాళ్లకే తెలిసిపోతుంది. పైగా గ్రాఫ్‌ని రోజు మీదకో వారం మీదకో మార్చితే ఒక్కో చుక్క వ్యవధి కూడా మారిపోతుంది, అప్పుడు 20,000తో భాగిస్తే మళ్లీ తప్పే. రోజు గ్రాఫ్‌కి అది 300 సెకన్లు.

సరే, 9 శాతం రెడీ ఉన్న వీఎంకి నేను ఇంకో 8 వీసీపీయూలు తగిలించాను. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎందుకో చెప్పాలంటే కోస్టాప్ గురించి చెప్పాలి.

ఒక గెస్ట్‌లో చాలా వీసీపీయూలు ఉన్నప్పుడు గెస్ట్ కెర్నల్ అవన్నీ ఒకేసారి ముందుకు నడుస్తాయని నమ్ముతుంది. ఒక వీసీపీయూ ఒక స్పిన్‌లాక్ (ఒకసారి ఒక్కరే తాకగలిగేలా డేటాకి వేసే తాళం) పట్టుకుందనుకోండి, మైక్రోసెకన్లలో వదిలేస్తుందిలే అని మిగతావి అక్కడే గిరగిరా తిరుగుతూ ఆగుతాయి. నిజమైన మెషిన్‌లో అది సరైన లెక్కే. కానీ లాక్ పట్టుకున్న ఆ వీసీపీయూని సరిగ్గా అప్పుడే హైపర్‌వైజర్ కోర్ మీంచి దించేస్తే? అది రెడీలో కూర్చుంటుంది, మిగతావి దాని లాక్ కోసం రన్నింగ్‌లో ఉంటూ పనికిరాని చక్కర్లు కొడతాయి. పైనుంచి చూసేవాడికి అన్నీ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది, జరిగే పని మాత్రం సున్నా. అసలు రన్నింగ్ అన్న స్థితిని కూడా పూర్తిగా నమ్మకూడదని నాకు అనిపించింది ఇది చదివాకే.

దీనికి, ఈఎస్‌ఎక్స్‌ఐకి ముందు వచ్చిన పాత ఈఎస్‌ఎక్స్ 2 రోజుల్లో మందు చాలా కఠినంగా ఉండేది. వీఎంలోని వీసీపీయూలన్నీ ఒకేసారి నడవాలి, 4 ఉంటే 4 కోర్లూ ఒకేసారి ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఈఎస్‌ఎక్స్ 3 నుంచి కొంత సడలించారు. ఇప్పుడు ఏ వీసీపీయూ ఎంత ముందుకెళ్లిందో లెక్క పెడుతుంది, ఒకటి మిగతావాటిని వదిలేసి మరీ ముందుకు పోతే దాన్ని ఆపి, వెనకబడ్డవి అందుకునేదాకా పక్కన కూర్చోబెడుతుంది. ఆ కూర్చోబెట్టిన సమయమే కోస్టాప్. రెడీలో ఉన్నదానికి కోర్ దొరకలేదు, కోస్టాప్‌లో ఉన్నదాన్ని తోటివాటి కోసం కావాలనే ఆపారు. కేవీఎంలో ఇలా జట్టుగా నడిపే పద్ధతి లేదు. అక్కడ వీసీపీయూ మరీ ఎక్కువసేపు స్పిన్‌లో తిరుగుతుంటే ప్రాసెసరే పసిగట్టి కంట్రోల్‌ని హైపర్‌వైజర్‌కి అప్పగిస్తుంది, అది ఆ కోర్‌ని వీలైతే అదే వీఎంలో ఆగిపోయిన ఇంకో వీసీపీయూకి ఇచ్చే ప్రయత్నం చేస్తుంది. లాక్ పట్టుకున్నది అదే అయి ఉంటుందన్న ఆశతో. ఆశే, గ్యారంటీ కాదు.

మా హోస్ట్‌లో రెండు సాకెట్లు, అంటే రెండు ప్రాసెసర్ చిప్‌లు, ఒక్కోదాంట్లో 10 కోర్లు. దాని మీదున్న వీఎంలన్నిటి వీసీపీయూలు కూడితే 90 పైచిలుకు. 8 వీసీపీయూల వీఎం ఒక సాకెట్‌లో, దాని పక్కనున్న మెమరీతో సరిపెట్టుకునేది. 16 చేసేసరికి రెండు సాకెట్లకూ సాగింది, సగం మెమరీ అవతలి సాకెట్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. పైగా 16ని దాదాపు ఒకే అడుగులో నడపాలి, కోర్లేమో 20, మిగతా వీఎంలూ ఊరుకోవు. వీసీపీయూకి రెడీ 14 శాతానికి ఎక్కింది, అంతకుముందు కనపడనంత చిన్నగా ఉన్న కోస్టాప్ 6 అయింది. లోపల డేటాబేస్ ఏం చేసిందంటే, 16 ప్రాసెసర్లు కనపడ్డాయి కదా అని వర్కర్ థ్రెడ్లు పెంచుకుని ఇంకా ఎక్కువ లాకుల కోసం కొట్టుకోవడం మొదలుపెట్టింది.

వెనక్కి తగ్గించడం కూడా సులువు కాదు. వీస్పియర్‌లో (ఈఎస్‌ఎక్స్‌ఐ, వీసెంటర్ కలిసిన వీఎంవేర్ ప్యాకేజీ) నడుస్తున్న వీఎంకి సీపీయూ కలపొచ్చు, తీసేయాలంటే మాత్రం పవర్ ఆఫ్ చేయాల్సిందే. రాత్రి రెండింటికి పర్మిషన్ తెచ్చుకుని ఆపి 6 పెట్టాను. 8 కాదు, 6. గెస్ట్ చెప్పిన 35 శాతాన్ని నిజమనుకున్నా 8లో 35 శాతం అంటే మూడు కోర్లు కూడా కాదు, అంతకు రెట్టింపు ఇస్తున్నాను కదా అని. మర్నాడు అదే హోస్ట్ మీద 12, 16 వీసీపీయూలతో ఖాళీగా కూర్చున్న టెస్ట్ మెషిన్లు మూడింటిని కూడా కోశాం. డేటాబేస్ రెడీ 2 శాతం లోపుకి దిగింది. క్వెరీలు మళ్లీ సెకను లోపే. సీపీయూ తగ్గిస్తే స్పీడ్ పెరగడమేంటి అని అప్లికేషన్ వాళ్లు ఇప్పటికీ నన్ను అనుమానంగానే చూస్తారు.

రెడీలో ఇంకో మెలిక ఉంది, ఇది అంతకుముందే ఒకసారి వేరే చోట తగిలింది. హోస్ట్ దాదాపు ఖాళీ, అయినా ఒక వీఎంకి రెడీ 30 శాతం. ఎవరో ఎప్పుడో ఆ వీఎంకి సీపీయూ లిమిట్ పెట్టి మర్చిపోయారు. లిమిట్ వల్ల ఆపిన సమయాన్ని కూడా ఈఎస్‌ఎక్స్‌టాప్ రెడీలోనే కలిపి చూపిస్తుంది. పక్కనే ఎంఎల్ఎంటీడీ అనే కాలమ్ ఉంటుంది, రెడీలోంచి దాన్ని తీసేస్తేనే అసలు పోటీ వల్ల ఆగింది ఎంతో తెలుస్తుంది. కోర్లు దొరక్క ఆగడం వేరు, కోర్లు ఉన్నా కోటా అయిపోయి ఆగడం వేరు. వీసీపీయూకి మాత్రం రెండూ ఒకటే, అది పాపం ఆగి ఉంది అంతే.

కేవీఎం హోస్ట్ మీద ఇదంతా ఎలా చూడాలో అడిగేవాళ్ల కోసం. వీఎంలను కమాండ్లతో చూసే విర్ష్‌లో వీసీపీయూఇన్ఫో కమాండ్ ఉంది కదా అని దాన్ని నమ్ముకోకండి. విర్ష్ వెనకుండే లిబ్‌విర్ట్ లైబ్రరీలో వీసీపీయూకి ఆఫ్‌లైన్, రన్నింగ్, బ్లాక్డ్ అని మూడు స్థితులు నిర్వచించి ఉన్నాయి, కానీ కేవీఎం మీద అది ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి వీసీపీయూకీ రన్నింగ్ అనే చెబుతుంది, గాఢనిద్రలో ఉన్నా సరే. ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కొట్టి థ్రెడ్ స్థితి చూద్దామా అంటే, లినక్స్‌లో ఆర్ అక్షరానికి రన్నింగ్, రన్నబుల్ రెండూ అర్థాలే. కోర్ మీద ఉన్నదీ ఆర్, కోర్ కోసం ఏడుస్తున్నదీ ఆర్. నాకు పనికొచ్చింది ప్రాక్ డైరెక్టరీలో ఆ థ్రెడ్ కింద ఉండే షెడ్‌స్టాట్ ఫైల్. అందులో మూడే అంకెలు: కోర్ మీద గడిపిన నానోసెకన్లు, క్యూలో ఆగిన నానోసెకన్లు, ఎన్నిసార్లు అవకాశం వచ్చిందీ. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చదివి రెండో అంకెలో తేడా తీస్తే అదే మీ రెడీ. గ్రాఫ్‌గా కావాలంటే విర్ష్ డొమ్‌స్టాట్స్‌లో కూడా వీసీపీయూలవారీగా లెక్కలొస్తాయి, కొత్త వెర్షన్లలో డిలే అన్నది ఈ క్యూలో ఆగిన సమయమే. కేవీఎం గెస్ట్‌లో అయితే ఎస్‌టీ అంకెను నమ్మొచ్చు, అది వచ్చేది కూడా ఈ లెక్కలోంచే.

పాజ్డ్ స్థితి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, వీసీపీయూలన్నీ ఆగిపోతాయి, మెమరీ అలాగే ఉంటుంది. ఒక్క సంగతి తప్ప. మనం పాజ్ చేయకపోయినా వీఎం పాజ్ అవుతుంది. హోస్ట్‌లో డిస్క్ నిండిపోతే క్యూఈఎంయూ గెస్ట్‌కి ఎర్రర్ ఇవ్వడానికి బదులు డిఫాల్ట్‌గా వీఎంనే ఆపేస్తుంది, డేటా పాడవకుండా. గెస్ట్ పింగ్‌కి పలకదు, లాగుల్లో ఒక్క ముక్క ఉండదు. విర్ష్ డొమ్‌స్టేట్‌కి రీజన్ ఆప్షన్ కలిపి కొడితే "పాజ్డ్, ఐఓ ఎర్రర్" అని అసలు కారణం వస్తుంది. అప్పుడు కంగారుపడి రీబూట్ చేయకండి, డిస్క్‌లో చోటు చేసి రెజ్యూమ్ కొడితే ఆగిన ఇన్‌స్ట్రక్షన్ దగ్గర్నుంచే లేస్తుంది. లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని ఆపకుండా ఇంకో హోస్ట్‌కి తరలించడం) చివర్లో కూడా ఒక చిన్న పాజ్ ఉంటుంది, క్యూఈఎంయూ డిఫాల్ట్‌గా దాన్ని 300 మిల్లీసెకన్ల లోపు ముగించాలని చూస్తుంది. మామూలుగా ఎవరికీ తెలియదు.

మధ్యలో ఆపి లేపిన గెస్ట్‌లో ఒక్కోసారి "సాఫ్ట్ లాకప్, సీపీయూ 22 సెకన్లుగా ఇరుక్కుపోయింది" అని కెర్నల్ మెసేజ్ కనపడుతుంది. సీపీయూ ఇరుక్కుందేమో అని కాపలా కాసే లినక్స్ వాచ్‌డాగ్ హద్దు మామూలుగా 20 సెకన్లు, అందుకే ఈ 22, 23 అంకెలు తరచూ కనిపిస్తాయి. నిజమైన మెషిన్‌లో ఈ మెసేజ్ వస్తే కెర్నల్‌లో ఏదో బగ్ ఉందని అనుమానించాలి. వీఎంలో వస్తే ముందు హోస్ట్‌ని అనుమానించండి, ఆ 22 సెకన్లు వీసీపీయూ అసలు కోర్ మీద లేకపోయి ఉండొచ్చు. గెస్ట్ కెర్నల్ బగ్ కోసం రెండు రోజులు వెతికిన మనిషిని నేనే.

ఆఫ్‌లైన్‌కి కూడా రెండు ముఖాలు. వీఎం బూట్ అయ్యేటప్పుడు వీసీపీయూ 0 ఒక్కటే నడుస్తుంది. మిగతావి పుట్టి ఉంటాయి కానీ కదలవు, కేవీఎం వాటిని అన్‌ఇనిషియలైజ్డ్ అంటుంది. గెస్ట్ కెర్నల్ ఒక్కొక్కదానికీ ఇనిట్, సైపీ అనే సిగ్నళ్లు పంపి లేపాలి, అచ్చం నిజమైన బోర్డు మీద జరిగినట్టే. నడుస్తున్న వీఎంకి వీసీపీయూ కలిపినా కొన్ని గెస్ట్‌లు దాన్ని దానంతటదే వాడుకోవు. సిస్ డైరెక్టరీలో ఆ సీపీయూ కింద ఆన్‌లైన్ అనే ఫైల్లో 1 రాయాలి. హోస్ట్ వైపు 8 అని, గెస్ట్ వైపు 4 అని కనపడి గొడవలయ్యేది ఇక్కడే. దానికి తిరగేసి, గెస్ట్‌లో ఒక సీపీయూని ఆఫ్‌లైన్ చేస్తే హోస్ట్‌లో థ్రెడ్ పోదు, ఊరికే హాల్ట్‌లో పడుకుని ఉంటుంది, లిబ్‌విర్ట్ దాన్ని లెక్కలో ఉంచుకుంటుంది.

మొన్న ఇంకో టికెట్ వచ్చింది. "మెషిన్ స్లో, దయచేసి 4 నుంచి 8 చేయండి." కేవీఎం మీదున్న వీఎం. షెడ్‌స్టాట్ చూస్తే క్యూలో ఆగింది అర శాతం కూడా లేదు, లోపల ఎస్‌టీ 0.2. వీసీపీయూలు నాలుగూ ఎక్కువసేపు హాల్ట్‌లోనే ఉన్నాయి, కానీ టాప్‌లో డబ్ల్యూఏ 45, అంటే డిస్క్ జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చున్నాయి. టికెట్‌ని స్టోరేజ్ టీమ్‌కి మళ్లించాను. గంటలో తిరిగొచ్చింది, కింద ఒక వాక్యంతో: "స్టోరేజ్ బాగానే ఉంది, వీఎంకి సీపీయూలు పెంచి చూడండి."